చెక్కుబంది: మన సీమ భూమి పత్రములు చెప్పు కథ

మన సంఘము వారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్ తరగతితో ముగిసినది. తరువాతి కాలమంతయు కచేరీలలో కాగితముల కట్టలు విప్పుచు, కట్టుచు గడపితిమి. చరిత్ర గ్రంథములు చదివినది తక్కువ. పహణీలు, క్రయపత్రములు, ఇనాము రిజిస్టర్లు చదివినది ఎక్కువ. కావున మాకు తెలిసిన ఆ కాగితములను గురించియే నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తోచినది.

ఈ విషయమును ఎన్నుకొనుటకు మరియొక కారణమును కలదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగు ఇండ్లలో ఇప్పుడొక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. బడి నుండి వచ్చిన పిల్లవాడు, "తాతా, మనము ఆంధ్రానుంచి ఎప్పుడొచ్చినాము?" అని యడుగును. పెద్దలలో కొందరు, మనది పాళెగాండ్ర వంశము, ఈ సీమయంతయు మనదేయని మీసము దువ్వుదురు. మరికొందరు, ఏమో, ఏదో కరువునకు వచ్చినామని మాట తప్పింతురు. ఈ రెండు సమాధానములును కాగితము చూడక చెప్పినవే. కాగితము చూచినవానికి మూడవ సమాధానమొకటి దొరకును. దానినే యిచ్చట చెప్పబూనితిమి.

అన్నిటికంటె పాత పత్రము రాతి మీదిది. మైసూరు సంస్థానమున పురాతత్త్వ శాఖకు అధికారిగా నుండిన బి. ఎల్. రైసు దొర సేకరించి అచ్చువేయించిన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదవ సంపుటము 1905లో వెలువడెను. అది నాటి కోలారు జిల్లా శాసనముల సంపుటము. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యగువరకు మన మూడు తాలూకాలును కోలారు జిల్లాలోనివే. కావున మన ఊళ్ళ గుళ్ళ యొద్దను, చెరువు కట్టల మీదను, పొలముల నడుమను నిలిచిన రాళ్ళు పెక్కు అందులో చేరినవి. తాలూకా తాలూకాకు వేరుగా సంఖ్యలు వేసియుండుటచే, ఊరి పేరు తెలిసినవారికి తమ రాతిని వెదకికొనుట కష్టము కాదు. ఆ సంపుటమున కన్నడ శాసనములు కలవు. చోళుల కాలపు తమిళ శాసనములు కలవు. విజయనగర ప్రభువుల కాలమునకు వచ్చుసరికి తెలుగు శాసనములును కలవు. ఈ సీమలో ఒక్క భాషయే రాజ్యము చేసిన కాలము మాకు కనబడలేదు. తెలుగు ఇచ్చటికి నిన్న మొన్న బండి కట్టుకొని వచ్చిన భాష కాదని పిల్లలకు చెప్పుటకు ఈ సంపుటమొక్కటి చాలును.

ఆ శాసనములలో మా మనస్సును ఎక్కువగా పట్టినవి చెరువులకు సంబంధించినవి. మన తాలూకాలలో ఏడాది పొడుగున పారు ఏరు లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నంది కొండల ప్రాంతముననే పుట్టినను, పుట్టినచోట అవి వాగులే. వానకాలపు నీరు క్రింది సీమలకు పోవును గాని మనకు నిలువదు. కావున నీటిని అడ్డగించి నిలిపినవాడే ఈ సీమకు అన్నదాత. చెరువు కట్టించిన వానికిని, తెగిన కట్టను పూడ్పించిన వానికిని ఆ చెరువు క్రింద కొంత భూమిని పన్ను లేకుండగనో, తగ్గించిన పన్నుకో ఇచ్చుట పూర్వాచారము. దానిని కట్టుకొడిగె యనిరి. పదవ వంతు లెక్కన ఇచ్చినది దశవందము. పసుల దోపిడి నాపుటలోనో, యుద్ధముననో ప్రాణము విడిచిన వాని బిడ్డలకు ఇచ్చినది నెత్తురుకొడిగె. అగ్రహారము రాజుగారి అనుగ్రహము. కట్టుకొడిగె చెమటకు ముట్టిన కూలి. తమ వంశమున రాజులను వెదకువారిని మేము ఎందరినో చూచితిమి. చెరువు కట్టిన తాతను వెదకుచు వచ్చినవానిని మాత్రము మా కొలువు కాలమున ఒక్కని చూడలేదు.

విజయనగరపు రోజుల నుండియు ఈ సీమ పాళెగాండ్ర చేతిలో నుండెను. చిక్కబళ్ళాపురము ఆవతి నాడప్రభువుల వంశము వారిది. బాగేపల్లి ప్రాంతమున గుమ్మనాయకనపాళ్యము వారు ఏలిరి. 1762లో హైదరాలీ చిక్కబళ్ళాపురమును పట్టుకొనెను. 1799లో టిప్పు పడిపోవుటతో రాజ్యము మైసూరు ఒడెయరుల పేర పూర్ణయ్యగారి దివానుగిరి క్రిందికి వచ్చెను. 1831లో ఇంగ్లీషు కమిషనర్లు పరిపాలన తీసికొనిరి. 1881లో మరల మహారాజుగారికి ఒప్పగించిరి. ఈ మార్పులను మేము ఇంత క్లుప్తముగా చెప్పుటకు హేతువేమనగా, రైతు ఇంటిలో వీని జాడ ఒక్క విధముగనే కనబడును. ప్రతి క్రొత్త దొరతనమును పాత దొర ఇచ్చిన మాన్యమును ప్రశ్నించును. ప్రశ్నించినపుడెల్ల కుటుంబము వారు క్రొత్త కాగితమొకటి సంపాదించుకొనవలెను. మన పాత ఇండ్ల మూటలలో కాగితములు పొరలు పొరలుగా నుండుటకు ఇదియే కారణము.

అట్టి మూటను విప్పినవారికి అడుగున తాటాకులు తగులవచ్చును. వాని పైన కడతము. ఈ తరమువారు కడతమును చూచి యుండరు గనుక కొంచెము వివరింతుము. పొడవైన నూలు గుడ్డకు రెండు ప్రక్కల బంకలో కలిపిన బొగ్గుపొడి పూసి, ఆరవేసి, మడతలు మడతలుగా పుస్తకమువలె చేసి, రెండు కొనలకు చెక్క అట్టలు బిగింతురు. నల్లని ఆ గుడ్డపై బలపముతో వ్రాయుదురు. మార్కు విల్క్సు దొర 1810లో మైసూరు చరిత్ర ప్రకటించినపుడు ఈ కడతములను వర్ణించియున్నాడు. బలపపు వ్రాత తుడిచిన పోవును, తుడువకున్న తరములు నిలుచును. శానుభోగులు ఊరి లెక్కలను, వర్తకులు తమ పద్దులను దీనియందే వ్రాసికొనిరి. తుడిచి దిద్దుటకు వీలున్న పుస్తకమును నమ్మవచ్చునా యని కొందరు అడుగుదురు. తుడువలేని కాగితమున తొలి వ్రాతలోనే అబద్ధము వ్రాయువాడు లేడా యని మా ప్రత్యుత్తరము.

కడతము పైన పారసీ ముద్రలు గల కాగితములుండవచ్చును. టిప్పు తన లెక్కలలో పారసీని ప్రవేశపెట్టెను. ఆ పైన మోడి లిపిలో మరాఠీ. నాటి మైసూరు కచేరీలలో కన్నడముతో పాటు మరాఠీ లెక్కలును నడచెను. చింతామణికి ఆ పేరు వచ్చినది చింతామణిరావు అను మరాఠా నాయకుని వలననే గదా! ఆ పైన కన్నడము, దాని పైన ఇంగ్లీషు. వీని నడుమ తెలుగు పత్రములు. ఒక విచిత్రమును మేము పలుమార్లు చూచితిమి: అక్షరములు కన్నడము, మాటలు తెలుగు. పిల్లవాడు అక్షరములు కూడబలుకును గాని, కన్నడ వాక్యముగా చదివిన అర్థము కాదు. ఆ కాగితమునే అవ్వ యెదుట గట్టిగా చదివినచో, అక్షరమెరుగని అవ్వ అర్థము చెప్పును. ఇట్టి పత్రమును చదువుటకు నేడు ఇద్దరు మనుష్యులు కావలసియున్నది; కొన్ని సంవత్సరములకు ఆ ఇద్దరిలో ఒకరు ఉండరు.

మన సీమ కథలను వ్రాయించి పెట్టినవారిలో కాలిన్ మెకంజీ దొరను మరువరాదు. 1799 తరువాత మైసూరు సీమ సర్వే చేసిన ఈయన, ఊరూర కరణములను, వృద్ధులను అడిగించి కైఫీయతులు వ్రాయించెను. ఆయనకు కుడిభుజములైనవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుగు సోదరులు. మెకంజీ 1821లో మరణించెను. మన ఊళ్ళ పాత మాన్యముల ముచ్చట్లు ఊరిలో చెదలు తినిపోయినను, అట్టి కైఫీయతులలో కొంత మిగిలినది. పాత దస్తావేజుల మాటలు అర్థము కానివారికి సి. పి. బ్రౌను దొర 1852లో ప్రకటించిన 'జిల్లా డిక్షనరీ', విల్సను దొర 1855లో ప్రకటించిన న్యాయ, రెవిన్యూ పదముల నిఘంటువు మిక్కిలి ఉపకరించును. మేము కొలువులో చేరిన క్రొత్తలో ఈ పుస్తకములున్నవని ఎవ్వరును చెప్పలేదు. చెప్పియున్నచో మాకు ఎన్ని తిట్లు తప్పియుండెడివో!

పత్రములు చదువబూనినవారికి మొదట తగులు చిక్కు తేదీ. పాతవారు సంవత్సరపు పేరు వ్రాసి ఊరకుందురు. ప్రభవ యనగా 1807 కావచ్చును, 1867 కావచ్చును, 1927 కావచ్చును. శాలివాహన శకము వేసినచో 78 కూడినచాలును. లేనిచో నాణెము చూడవలెను. కంఠీరవ వరహాలు, హణములు అని యున్నచో పాతది, రూపాయలని యున్నచో తరువాతిదని స్థూలముగా ఎంచవచ్చును. టిప్పు కాలపు కాగితమైనచో ఇంకను చిక్కు. ఆయన సంవత్సరములకు క్రొత్త పేర్లు పెట్టి, శకమునే మార్చెను.

రెండవ చిక్కు కొలత. పూర్వము భూమిని పొడవు వెడల్పులతో గాక విత్తనముతో కొలిచిరి. ఖండుగము విత్తనపు చేను, పది కొళగముల చేను అని వ్రాయుదురు. 20 కొళగములు ఒక ఖండుగము. మెట్ట ఖండుగమునకును తరి ఖండుగమునకును విస్తీర్ణము ఒకటి కాదు. ఇది తెలియక ఖండుగమును ఎకరములలోనికి మార్చి, తాతగారికి ఊరంత భూమి యుండెనని ఉప్పొంగినవారిని మేము ఎరుగుదుము. 1863 తరువాత మైసూరు సీమలో బొంబాయి పద్ధతి సర్వే మొదలైనది. 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు. ఆ గొలుసు నాలుగు ప్రక్కల పట్టిన చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. అప్పటి నుండి ప్రతి పొలమునకు సర్వే నంబరు, టిప్పణి, ఆకార్‌బందు ఏర్పడెను.

సర్వే నంబరు రాక పూర్వము పొలమును గుర్తించునది చెక్కుబంది. తూర్పున ఫలానా రెడ్డి చేను, పడమట చింతచెట్టు, ఉత్తరమున చెరువు కాలువ, దక్షిణమున మసీదు మాన్యము. ఈ నాలుగు హద్దుల నడుమ నున్న నేల అమ్మితిననియు, అందలి నిధి నిక్షేప జల పాషాణాదులతో కూడ అష్టభోగములును నీవేయనియు, పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవింపుమనియు వ్రాయుదురు. క్రింద సాక్షుల వ్రాళ్ళు. వ్రాలు చేయనేరనివారు నాగలి గుర్తు గీచిరి. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈ చెక్కుబందిని గురించియే. అమ్మినవాని పేరు, కొన్నవాని పేరు అందరు చూతురు. నాలుగు హద్దుల పేర్లను చదువరు. ఒక పత్రమున రెండు కుటుంబముల కథ యుండిన, చెక్కుబందిలో నాలుగు కుటుంబముల కథ యుండును. మన పత్రము పోయినను పొరుగువాని పత్రమున మన పేరు హద్దుగా నిలిచియుండును.

ఇది మన సీమకు మాత్రమే చెల్లు మాట కాదు. మా అన్నగారి మనుమడొకడు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడు సెలవులకు వచ్చినపుడు, అచ్చటి పాత భూమి పత్రముల నకళ్ళు కొన్ని ముద్రింపబడిన పుస్తకమొకటి మాకు చూపెను. దానిని చదివిన కొలది మాకు మన కచేరీయే కన్నులకు కట్టినది. 1618 నుండి అచ్చట వలస వచ్చిన మనిషికి, లేదా వలసకు ఖర్చు పెట్టినవానికి, తలకు 50 ఎకరముల చొప్పున భూమి ఇచ్చెడి ఆచారముండెను. ఫలానా ఓక్ చెట్టు మొదలు ఫలానా వాగు వరకు, అచ్చటి నుండి పొరుగువాని హద్దు వరకు అని హద్దులు వ్రాసిరి. చెట్లు పడిపోవును గనుక, నాలుగేండ్ల కొకసారి ఇరుగు పొరుగువారు కలిసి హద్దుల వెంట నడచి గుర్తులు క్రొత్త చేయవలెనని 1662 నాటికే చట్టము చేసిరి. వారి సర్వే గొలుసు 66 అడుగులది. ఇంగ్లండులో గంటరు అను గణిత పండితుడు 1620 ప్రాంతమున కల్పించినది. మన 33 అడుగుల గొలుసు దానిలో సరిగా సగము! జార్జి వాషింగ్టను పదునారేండ్ల వయస్సున, 1748లో, ఫెయిర్‌ఫాక్సు ప్రభువు భూములను కొలుచుటకు పోయిన కాలపు లెక్కయు మన సర్వే మేస్త్రీల లెక్కయు ఒక గొలుసు సంతతియే.

1865 ఏప్రిలులో అంతర్యుద్ధపు చివర రిచ్‌మండు నగరము తగులబడినపుడు, భద్రముగా నుండునని అచ్చటికి పంపిన పలు కౌంటీల రికార్డులు భస్మమయ్యెను. ఆ కౌంటీల కుటుంబములవారు తమ పూర్వుల భూములను ఎట్లు తెలిసికొనిరి? కాలిపోని పొరుగు కౌంటీల పత్రములలోని హద్దుల వలనను, దాయాదులు కోర్టుకెక్కిన దావా కాగితముల వలనను. దాయాదుల తగవు ఇంటికి చెరుపు; చరిత్రకు మేలు! మన మునసబు కోర్టుల విభాగపు దావాలలోను తాత ముత్తాతల వంశవృక్షములు ప్రమాణపూర్వకముగా వ్రాయబడి యుండును. ఇంటి గోడకు తగిలించిన వంశవృక్షముకంటె దావాకు జతపరచిన వంశవృక్షము నమ్మదగినదని మా యభిప్రాయము. ఎందుకనగా దానిని తప్పు పట్టుటకు ఎదుట ప్లీడరు ఉండెను.

ఆ పుస్తకమున మమ్ము కలవరపెట్టిన విషయమును ఒకటి కలదు. అచ్చటి భూస్వాముల వీలునామాలలో బానిసల పేర్లు గుఱ్ఱముల, మంచముల నడుమ జాబితాగా వ్రాయబడినవి. వారి సంతతివారు నేడు తమ పూర్వుల పేర్లను ఆ యజమానుల కాగితములలోనే వెదకికొనవలసి వచ్చుచున్నది. ఆ భూములలో తొలుత నుండిన ఆదివాసులకు అదియును లేదు. ఇది చదివి మనము వారిని నిందించుట సులభము. మన మూటలలో జీతపు పత్రములు లేవా? ఇన్ని రూపాయల అప్పునకు కొడుకును ఇన్ని సంవత్సరములు జీతమునకు ఉంచితినని తండ్రి వేలిముద్ర వేసిన కాగితములు కోలారు సీమకు క్రొత్త కావు. 1976 చట్టము వెట్టిని రద్దు చేసినది. ఆ కాగితములను కొందరు సిగ్గుపడి చింపివేసిరి. చింపివేయగూడదని మేమందుము, ఆ జీతగాని మనుమనికి తాత పేరు దొరకు చోటు అదియొక్కటే కావచ్చును.

స్త్రీల సంగతియు ఇట్టిదే. పాత విభాగపత్రములలో వారు ఫలానా వాని భార్య, ఫలానా వాని తల్లి యని మాత్రమే కనబడుదురు. మైసూరు సంస్థానమున 1933లో హిందూ స్త్రీల హక్కుల చట్టము వచ్చిన తరువాతి దస్తావేజులలో వారి పేర్లు కొంచెము కొంచెముగా తలయెత్తుట చూడవచ్చును.

ఇక కరువు మాట. 1876లో ధాత, 1877లో ఈశ్వర. ఆ రెండు సంవత్సరముల పేర్లతోనే మన అవ్వలు ఆ కరువును తలచుకొనెడివారు. మైసూరు రాజ్యమున 1871లో 50 లక్షలకు పైగా నున్న జనసంఖ్య 1881 నాటికి సుమారు 42 లక్షలకు పడిపోయెను. ఆ కాలపు పత్రమేదైన చేతికి వచ్చినచో చదువుటకు ముందే మాకు చేయి వణకును. అమ్మినవారు ఎందుకు అమ్మిరో కాగితము చెప్పదు. కాలమును చూచి మనము తెలిసికొనవలెను. ధాత ఈశ్వరలలో కొన్న భూమితో పెరిగిన కుటుంబములు మనలోను కలవు. పెరిగినది నిజము, ఏ ధరకు పెరిగినదో క్రయపత్రమున అంకెలలో ఉన్నది.

పిల్లల ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఎప్పుడు వచ్చితిమి అనుదానికి అందరికి ఒక తేదీ లేదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని చూడుడు. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండి, 1955లో భారతరత్న పొందిన ఆ మహనీయుడు చిక్కబళ్ళాపురము తాలూకా ముద్దేనహళ్ళిలో జన్మించెను. మోక్షగుండము మాత్రము ఆంధ్రదేశమున నున్న గ్రామము. పూర్వులు అచ్చటి నుండి వచ్చిరి. ఇంటిపేరు ఒక ఊరు, భూమి ఒక ఊరు. అట్లు వచ్చినవారు కలరు. మొరసునాటి ఒక్కలిగులవలె రెండు భాషలను పుట్టుకతో పలుకుచు ఇచ్చటనే యున్నవారు కలరు. కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పినది ఈ రెండు విధముల వారికినే. వచ్చినవాడైనను, ఉన్నవాడైనను, నాలుగు దిక్కుల పొరుగువారు హద్దు ఒప్పుకొని సాక్షి వ్రాలు చేసినపుడే వాని భూమి వానిదైనది. ఆ పొరుగువారిలో కన్నడిగుడు కలడు, తురకవాడు కలడు, తెలుగువాడు కలడు. చెక్కుబంది చెప్పు సమాధానము ఇది.

ఇప్పుడు మా తప్పొకటి చెప్పుకొనవలెను. 1961లో చేసి 1963లో అమలు జరిపిన గ్రామోద్యోగముల రద్దు చట్టము వలన వంశపారంపర్యపు శానుభోగులు, పటేళ్ళు, తోటి, తలారి, నీరుగంటి ఉద్యోగములు పోయినవి. శానుభోగులు ప్రభుత్వమునకు ఒప్పగించినవి కొన్ని దఫ్తరములు. అటకల మీద నిలిచిపోయినవి ఎన్నో. ఆ ఉద్యోగములకై అనుభవించిన ఇనాము భూములను అర్హులకు తిరిగి మంజూరు చేయవచ్చునని చట్టమున కలదు. మేము కొలువులో చేరిన మూడు నాలుగేండ్లకు, చెరువు నీరు పంచు నీరుగంటి వంశపు వృద్ధుడొకడు మా కచేరీకి వచ్చెను. తన తాత పేర ఇనాము ఉండినట్లు పాత రిజిస్టరు నకలు కావలెనని అడిగెను. మేము వెదకితిమి, దొరకలేదు. "లేదు, పెద్దాయనా" అంటిమి. ఆయన మూడుమార్లు వచ్చెను. మూడవమారు మేము వెదకనేలేదు. మొదటి జవాబునే చెప్పి పంపితిమి. "నీళ్ళు వదిలింది మేమే గదయ్యా, కాగితములో లేకపోతే ఎట్లా?" అని మెల్లగా అనుకొనుచు మెట్లు దిగెను.

మా పదవీ విరమణకు ముందటి సంవత్సరము రికార్డు గది మార్చునపుడు ఆ రిజిస్టరు దొరకినది. ఊరి పేరు పల్లి యని మేము వెదకగా, పాత గుమాస్తా హళ్ళి యని వ్రాసి వేరు హోబళి కట్టలో కట్టియుండెను. తాత పేరు అందు స్పష్టముగా నున్నది. విచారించగా వృద్ధుడు గతించి చాల కాలమైనదని తెలిసినది. పిల్లలు బెంగళూరికి కూలికి పోయిరట. అన్నిటికంటె మమ్ము బాధించినది మరియొకటి. ఆ పొలమునకు పడమటి పొలపు క్రయపత్రములో, తూర్పున నీరుగంటి ఇనాము చేను అని చెక్కుబంది వ్రాసియున్నది. రిజిస్ట్రారు కచేరీలో పుస్తకమున యథాతథముగా ఎత్తి వ్రాసిన నకలు అది. నాడు మేము పొరుగు పత్రము చూడుమని ఒక్క మాట చెప్పియున్నచో ఆయన అర్జీకి ఆధారము దొరకియుండెడిది. అప్పటికి మాకు చెక్కుబంది చదువుట తెలియదు.

కావున పేర్ల విషయమున జాగ్రత్త అవసరము. ఒక ఊరు ఒక కాగితమున పల్లె, మరియొకదానిలో హళ్ళి. 2025 జూలైలో నంది కొండపై సమావేశమైన రాష్ట్ర మంత్రివర్గము బాగేపల్లిని భాగ్యనగరముగా మార్ప నిశ్చయించినది. పేరు మార్చుట ప్రభుత్వముల అధికారము. దానిపై వాదము మా పని కాదు. కాని నూరేండ్ల పత్రములలో బాగేపల్లి యనియే యుండును గనుక, రెండు పేర్లును పిల్లలకు తెలియవలెను. సరిహద్దు కుటుంబముల కష్టము వేరు. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము, తెలుగువారు ఎక్కువగా నున్నను కోలారు జిల్లా మైసూరులోనే యుండదగునని నిర్ణయించినది. హిందూపురము, కదిరి, మదనపల్లె వైపు పొలములున్నవారికి అచ్చట అడంగలు, ఎకరమునకు 100 సెంట్లు. ఇచ్చట పహణి, ఎకరమునకు 40 గుంటలు. 2 ఎకరముల 20 అని వ్రాసిన చీటీని చూచి, అది సెంట్లో గుంటలో తెలియక అన్నదమ్ములు మాటలాడుకొనుట మానిన ఇల్లు మాకు తెలియును.

1974లో భూసంస్కరణల చట్టము మారి కౌలుదార్లు ఫారము 7 వేసి భూమికి యజమానులైరి. ఆ తీర్పుల కాగితములును నేడు చరిత్రయే. ఆ యిండ్లవారు వానిని పెట్టెలో నుంచుకొనవలెను. 2002 నాటికి చేతివ్రాత పహణి పోయి కంప్యూటరు పహణి వచ్చినది. దిద్దుబాట్లు, లంచములు కొంత తగ్గినవి. మేము దానిని మెచ్చుకొందుము. కాని అందు సర్వే నంబరు, ఖాతాదారుని పేరు, విస్తీర్ణము ఉండును, చెక్కుబంది ఉండదు. నాలుగు దిక్కుల పొరుగువారు మన పాత పత్రములలోనే మిగిలియున్నారు.

మన సంఘ సభ్యులలో పాత మూటలున్నవారు వానిని ఎండలో ఆరవేయవలదు. నీడన గాలికి ఉంచవలెను. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటింపరాదు. అది కొన్నాళ్ళకు పసుపుబారి అక్షరములను తినివేయును. కడతమును తడిగుడ్డతో తుడిచినచో వ్రాతయే పోవును. మూలము ఎవ్వరికిని ఇయ్యక ఇంటనే యుంచి ఛాయాచిత్రము తీసికొని రండు. ఆదివారములందు ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము వరకు మేము సంఘపు గదిలో కూర్చుందుము. తెలుగు, కన్నడము మేము చదివి పెట్టుదుము. మోడి, పారసీ మాకు రావు. కన్నడ లిపిలో తెలుగు వ్రాసిన కాగితమైనచో ఇంటి అవ్వగారిని కూడ వెంటబెట్టుకొని రండు.